టిమ్ టీబో కేసు: వైద్యం చేతికి, సమస్య మరోచోట

బంతి విసిరే ఆటగాళ్ల యాక్షన్ సరిచేయడం నా పని. ఎక్కువగా ఫాస్ట్ బౌలర్లు వస్తారు, అప్పుడప్పుడు జావెలిన్ కుర్రాళ్లు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల చేతిలో నేను మొదట పెట్టే కేసు మాత్రం అమెరికన్ ఫుట్‌బాల్‌ది. కాలేజీలో తిరుగులేని క్వార్టర్‌బ్యాక్ అనిపించుకుని, ప్రొఫెషనల్ ఆటలో ఏ జట్టులోనూ కుదురుకోలేకపోయిన టిమ్ టీబోది. ఆయన్ని నేనెప్పుడూ కలవలేదు, పరీక్షించలేదు. నా ఆధారాలన్నీ మ్యాచ్ వీడియోలు, అందరికీ అందుబాటులో ఉన్న రికార్డులే. అయినా ఈ కేసునే ఎందుకు పట్టుకున్నానంటే, ఒక ఆటగాడి యాక్షన్ మార్పు మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఇన్ని కెమెరాల ముందు జరగడం అరుదు.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. క్వార్టర్‌బ్యాక్ అంటే దాదాపు ప్రతి ప్లేలోనూ (ఒక్కో విడత ఆటలో) బంతి ముందుగా అందుకునేవాడు. రెండున్నర, మూడు సెకన్లలోపు నలుగురైదుగురు రిసీవర్లలో ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి విసరాలి, లేదా వెనకున్నవాడికి అందించాలి, లేదా తానే పరుగెత్తాలి. నూటపాతిక కిలోల మనుషులు తనమీదికి దూసుకొస్తుండగా ఇదంతా జరగాలి. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లు, ఒక్కో జట్టులో 53 మంది. అందులో క్వార్టర్‌బ్యాక్‌లు ఇద్దరు, మహా అయితే ముగ్గురు. మైదానంలో ఉండేది ఒక్కడే. ఇది గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

పూర్వ చరిత్ర

టీబో 1987లో ఫిలిప్పీన్స్‌లో పుట్టాడు. ఎడమచేతివాటం, ఆరడుగుల మూడంగుళాలు, దాదాపు 110 కిలోలు. ఫ్లోరిడా యూనివర్సిటీలో కోచ్ అర్బన్ మేయర్ దగ్గర ఆడాడు. 2006, 2008 సీజన్లలో ఆ జట్టు జాతీయ ఛాంపియన్. 2007లో 32 టచ్‌డౌన్లు (బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటించే స్కోర్లు) విసిరి, 23 తానే పరుగెత్తి చేసి, ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైజ్‌మన్ ట్రోఫీని రెండో ఏడాది విద్యార్థుల్లో గెలిచిన మొదటివాడయ్యాడు. కాలేజీ మొత్తం మీద అతని పాస్‌లు 66.4 శాతం చేరాయి, కేవలం 16 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివాళ్లు పట్టేసిన పాస్‌లు). చివరి కాలేజీ మ్యాచ్ షుగర్ బౌల్‌లో 35 పాస్‌లు విసిరితే 31 చేరాయి, 482 గజాలు.

ఈ అంకెలు చూసి గురి లేనివాడని ఎవరంటారు? అందుకే నా దగ్గరికొచ్చే కోచ్‌లకు మొదట ఈ అంకెలే చూపిస్తాను. గురి ఒక్క చేతిలోనే ఉండదు, ఎలాంటి ఆటలో, ఎవరికి, ఎంత సమయం తీసుకుని విసిరాడన్నది కూడా అందులో భాగమే. మేయర్ ఆడించింది స్ప్రెడ్ ఆప్షన్ ఆట. క్వార్టర్‌బ్యాక్ స్నాపర్‌కు (బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందించేవాడికి) ఐదు గజాల వెనక, మైదానమంతా కళ్లముందు కనిపించేలా నిలబడి బంతి అందుకుంటాడు. డిఫెన్స్‌లో ఒక మనిషిని చూస్తాడు. వాడు లోపలికొస్తే బయటికి, బయటికెళ్తే లోపలికి. పాస్ విసరాల్సి వచ్చినా మొదటి రిసీవర్ చాలాసార్లు గజాల కొద్దీ ఖాళీగా ఉంటాడు. లేకపోతే పరుగు. అంత పెద్ద ఒళ్లుతో పరుగెత్తేవాణ్ణి కాలేజీ కుర్రాళ్లు ఆపడం కష్టం.

వీడియోలో కనిపించేది

ఒక్కో ఫ్రేమ్ ఆపుతూ చూడండి. బంతి రెండు చేతుల్లో, ఛాతీ దగ్గర. విసరాలని నిర్ణయించుకోగానే ఎడమ చెయ్యి విడిపోయి కిందికి జారుతుంది. బంతి బెల్టు దాకా దిగుతుంది. అక్కణ్ణుంచి తుంటి వెనక్కి, ఆపైన పెద్ద సున్నా చుట్టినట్టు భుజం మీదికి వచ్చి, అప్పుడు చేతిని వదులుతుంది. మంచి ప్రొఫెషనల్ విసిరితే బంతి చెవి పక్క నుంచి కాస్త వెనక్కెళ్లి ముందుకొచ్చేస్తుంది. టీబో సున్నా చుట్టేలోపు రెండు నష్టాలు. వెనకనుంచి వచ్చేవాడికి ఆ చెయ్యి దొరుకుతుంది, ముందు రిసీవర్‌ను కాపలా కాస్తున్న కార్నర్‌బ్యాక్‌కు బంతి ఎటు వస్తుందో ముందే తెలుస్తుంది. టీవీలో మాజీ ఆటగాళ్లంతా దీన్నే గీతలు గీసి చూపించారు. చూపించడానికి సులువైన తప్పు కూడా అదే.

ఇప్పుడు అదే వీడియోలో చెయ్యి వదిలేసి కాళ్లు చూడండి. మొదటి రిసీవర్ మూసుకుపోగానే టీబో చూపు దిగి, మీదికొస్తున్నవాళ్ల మీద పడుతుంది. చూపు దిగగానే పాదాలు ఆగిపోతాయి, లేదా పక్కకు పరుగందుకుంటాయి. రెండో రిసీవర్ ఖాళీ అయ్యేసరికి ఇతని తుంటి వేరే దిక్కుకు తిరిగి ఉంటుంది. అలాంటి నిలుచుండుడులోంచి వచ్చిన బంతి రిసీవర్ కాళ్ల దగ్గర పడుతుంది. చెయ్యి ఎంత అందంగా తిరిగినా ఆ బంతి అక్కడే పడేది.

నా నిర్ధారణ ఇదే. అసలు సమస్య కళ్లకూ పాదాలకూ మధ్య ఉంది. సున్నా చుట్టడం దానికి తోడైన రెండో సమస్య. వైద్యం మొత్తం రెండోదానికే జరిగింది.

మొదటి వైద్యం, మొదటి పరీక్ష

2010 జనవరిలో అలబామాలోని మొబైల్ నగరంలో సీనియర్ బౌల్ (చివరి ఏడాది కాలేజీ ఆటగాళ్ల ప్రదర్శన మ్యాచ్) ఆడాడు. అక్కడ స్నాపర్ వెనకే వంగి నిలబడి బంతి అందుకోవాలి, కాలేజీలో పెద్దగా అలవాటులేని పని. అందుకోవడంలోనే తడబడ్డాడు. ఆ తర్వాత డ్రాఫ్ట్‌కు (ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) ముందు, పాతతరం క్వార్టర్‌బ్యాక్, కోచ్ జీక్ బ్రాట్‌కౌస్కీ లాంటివాళ్లతో చెయ్యి కదలికను తిరగరాయించుకున్నాడు. మార్చిలో ఫ్లోరిడా ప్రో డేలో (ఎన్‌ఎఫ్‌ఎల్ జట్ల కోసం యూనివర్సిటీ పెట్టే ప్రదర్శనలో) కొత్త యాక్షన్ చూపించాడు. బంతి పైనే ఉంది, సున్నా చిన్నదైంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ప్రో డేలో డిఫెన్స్ ఉండదు. ఎవరికి విసరాలో ముందే తెలుసు, ఎప్పుడు విసరాలో ముందే తెలుసు. అంటే అక్కడ పరీక్షించింది కొత్త యాక్షన్ నేర్చుకున్నాడా లేదా అన్నది మాత్రమే. ఎవరో మీదపడుతుంటే, ఏం చేయాలో తేలక తికమకలో ఉంటే అది నిలబడుతుందా అన్నది వేరే పరీక్ష. ఏళ్ల తరబడి అలవాటైన కదలిక కొన్ని వారాల సాధనతో చెరిగిపోదు. కొత్తది దాని పక్కన చేరుతుంది, అంతే. ఒత్తిడిలో మెదడు తనకు బాగా తెలిసినదాన్నే ఎంచుకుంటుంది. నెట్స్‌లో కొత్త యాక్షన్‌తో వేసిన బౌలర్ మ్యాచ్‌లో రెండు ఫోర్లు పడగానే పాత యాక్షన్‌కు వెళ్లిపోవడం మనమంతా చూసేదే.

ఇక్కడ మా క్రికెట్‌వాళ్లు జేమ్స్ ఆండర్సన్ పేరు తెస్తారు. కెరీర్ మొదట్లో అతని యాక్షన్ మార్చారు, 2006లో వెన్నులో స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చింది, పాత పద్ధతికే తిరిగెళ్లి 704 టెస్టు వికెట్లు తీశాడు, కాబట్టి ఎవరి యాక్షనూ ముట్టుకోకూడదు అంటారు. నేనలా అనను. బౌలర్ తన రనప్ తాను మొదలుపెట్టుకుంటాడు, అతని మీదికి ఎవరూ పరుగెత్తుకు రారు. క్వార్టర్‌బ్యాక్ ఏ క్షణంలో విసరాలో నిర్ణయించేది ఎదుటివాడు. అక్కడ చేతిని నిర్ణయం నుంచి విడదీసి సాధన చేయిస్తే ఆ సాధన మైదానం దాకా రాదు.

డెన్వర్: గెలిచిన ఏడాది

2010 ఏప్రిల్‌లో డెన్వర్ బ్రాంకోస్ తమ రెండు, మూడు, నాలుగో రౌండ్ పిక్స్ (ఎంపిక అవకాశాలు) బాల్టిమోర్ జట్టుకు ఇచ్చి ముందుకొచ్చి, 25వ స్థానంలో టీబోను తీసుకుంది. తీసుకున్నది కోచ్ జాష్ మెక్‌డానియల్స్. డిసెంబరు మొదటివారంలో ఆయన ఉద్యోగం పోయింది. టీబో మొదటిసారి స్టార్టర్‌గా ఆడింది అదే నెల 19న. అంటే తనను నమ్మి తెచ్చుకున్న మనిషి వెళ్లిపోయాకే ఇతని ఆట మొదలైంది. ఆ తర్వాత లాకౌట్. 2011 మార్చి 12 నుంచి జులై 25 వరకు ఆటగాళ్లు జట్టు కోచ్‌లతో పనిచేయడానికే వీల్లేదు. యాక్షన్ మార్చుకుంటున్నవాడికి అత్యంత విలువైన ఆ నాలుగు నెలలూ కోచ్ కన్ను లేకుండా గడిచాయి. ఈ విషయం ఎవరూ పెద్దగా మాట్లాడరు. నా లెక్కలో ఇది ఈ కేసులో చాలా బరువైన కారణం.

2011 సీజన్‌లో డెన్వర్ 1-4తో (ఒక గెలుపు, నాలుగు ఓటములు) మొదలైంది. అప్పటి క్వార్టర్‌బ్యాక్ కైల్ ఆర్టన్‌ను పక్కనపెట్టి కొత్త కోచ్ జాన్ ఫాక్స్ టీబోకు అవకాశమిచ్చాడు. అక్టోబరు 23న మయామీలో చివరి మూడు నిమిషాల దాకా 0-15. ఓవర్‌టైమ్‌లో 18-15తో గెలిచారు. మరుసటి వారం డెట్రాయిట్ చేతిలో 10-45తో చిత్తయ్యాక, అఫెన్స్ (బంతి చేతిలో ఉన్నప్పటి ఆట) చూసే కోచ్ మైక్ మెకాయ్ సీజన్ మధ్యలోనే ఆటను మార్చేశాడు. దాదాపు కాలేజీ ఆట. రీడ్ ఆప్షన్ (డిఫెన్స్‌లో ఒకణ్ణి చూసి, బంతి వెనకున్నవాడికి అందించడమో తానే పరుగెత్తడమో), పరుగు, పరుగు, మళ్లీ పరుగు. నవంబరు 13న కాన్సస్ సిటీలో టీబో మ్యాచ్ మొత్తంలో విసిరింది 8 పాస్‌లు, చేరింది 2. జట్టు 55 సార్లు పరుగెత్తింది. 17-10తో గెలిచింది. వరసగా ఆరు విజయాలు. జట్టు 8-8తో ముగించినా డివిజన్ గెలిచింది.

2012 జనవరి 8, ప్లేఆఫ్స్. ఎదుట పిట్స్‌బర్గ్ స్టీలర్స్. మ్యాచ్ ఓవర్‌టైమ్‌కు వెళ్లింది. మొదటి ప్లేలోనే, పరుగును ఆపడానికి డిఫెన్స్ అంతా ముందుకొచ్చి గుమిగూడింది. టీబో పరుగు నటించి, రిసీవర్ డిమేరియస్ థామస్‌కు విసిరాడు. 80 గజాలు, టచ్‌డౌన్, మ్యాచ్ అయిపోయింది. ఓవర్‌టైమ్ మొత్తం 11 సెకన్లు. ఆ రోజు అతను 21లో 10 పాస్‌లు చేర్చి 316 గజాలు సాధించాడు.

ఈ త్రో వీడియోను నేను చాలాసార్లు చూపిస్తాను. ఎందుకంటే అందులో అతనికి ప్రశ్న ఒక్కటే. వెనక కాపలా ఉన్నవాడు ముందుకొచ్చాడా, లేదా? వచ్చాడు. విసిరాడు. పాదాలు చక్కగా ఉన్నాయి, తుంటి తిరిగింది, బంతి పరుగులో ఉన్న మనిషికి సరిగ్గా అందింది. నాలుగో క్వార్టర్ అద్భుతాలన్నీ ఇలాంటివేనని నా అభిప్రాయం. వెనకబడిన జట్టు షాట్‌గన్‌లో (క్వార్టర్‌బ్యాక్ స్నాపర్‌కు దూరంగా వెనక ఉండే పద్ధతిలో) నిలబడుతుంది, ముందున్న జట్టు వెనక్కి తగ్గి కాపలా కాస్తుంది, ఆట ఫ్లోరిడా ఆటలా మారిపోతుంది. దైవకృపో మనోబలమో అని వార్తల్లో రాసినదాంట్లో సగం ఇదే. మిగతా సగంలో డెన్వర్ డిఫెన్స్‌కూ, చికాగో మీద 59 గజాల నుంచి గోల్ కొట్టిన మ్యాట్ ప్రేటర్ కాలికీ వాటా ఉంది.

మరో వైపు అంకెలు కూడా చెప్పాలి. ఆ సీజన్‌లో అతని పాస్‌లు 46.5 శాతమే చేరాయి, రెగ్యులర్‌గా ఆడిన క్వార్టర్‌బ్యాక్‌లందరిలో ఆఖరు. 271 పాస్‌లకు 33 సార్లు బంతితోపాటు పట్టుబడ్డాడు. ఇంటర్‌సెప్షన్లు మాత్రం ఆరే. ఈ మూడూ కలిపి చదవండి: తప్పు బంతి విసరడు, కానీ విసరాల్సిన బంతి విసరకుండా పట్టుకుని కూర్చుంటాడు. చెయ్యి మాత్రమే చెడ్డదైతే ఇంటర్‌సెప్షన్లు పెరిగేవి. డిసెంబరుకల్లా జట్లు ఈ ఆటను పసిగట్టాయి. చివరి మూడు మ్యాచ్‌లూ ఓటమే. బఫలో మీద నాలుగు ఇంటర్‌సెప్షన్లు. కాన్సస్ సిటీ మీద 22కు 6, ఓటమి 3-7. ఆ రోజు అవతలి క్వార్టర్‌బ్యాక్ ఎవరో కాదు, డెన్వర్ వదిలేసిన కైల్ ఆర్టనే. ప్లేఆఫ్స్ రెండో మ్యాచ్‌లో న్యూ ఇంగ్లండ్ 45-10తో ఊడ్చేసింది.

కుదురుకోలేకపోవడం

2012 మార్చిలో డెన్వర్ పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్ పేటన్ మ్యానింగ్‌ను తెచ్చుకుని టీబోను న్యూయార్క్ జెట్స్‌కు ఇచ్చేసింది. బదులుగా వచ్చింది ప్రధానంగా నాలుగో, ఆరో రౌండ్ పిక్స్. జెట్స్‌లో ఆ ఏడాదంతా విసిరింది 8 పాస్‌లు. పంట్ ప్లేల్లో (బంతిని దూరంగా తన్నేసే ప్లేల్లో) తన్నేవాడికి కాపలాగా అడ్డం నిలబడే పని కూడా ఇచ్చారు. స్టార్టర్ మార్క్ శాంచెజ్ దారుణంగా ఆడి బెంచీకెళ్లినప్పుడు కోచ్ రెక్స్ రయన్ పిలిచింది టీబోను కాదు, మూడోవాడు గ్రెగ్ మెకల్రాయ్‌ను. అభిమానులు దీన్ని అవమానమన్నారు. నేను ఆ నిర్ణయాన్ని తప్పుపట్టను.

ఎందుకో చెప్తాను. రెండో క్వార్టర్‌బ్యాక్ ఉద్యోగం మొదటివాడి ఉద్యోగానికి చిన్న రూపం అనుకుంటారు. అది పూర్తిగా వేరే కొలువు. మొదటివాడు మోకాలు పట్టుకుని కూలబడితే, మిగతా పదిమందికీ తేడా తెలియకుండా అదే ప్లేబుక్, అదే లయ, అదే అడుగుల లెక్క నడిపించాలి. వారమంతా సాధనలో బంతులన్నీ మొదటివాడికే వెళ్తాయి. రెండోవాడికి మిగిలేది కొన్ని, మూడోవాడికి దాదాపు ఏమీ ఉండదు. అంటే రెండోవాడు సాధన లేకుండానే సిద్ధంగా ఉండగలగాలి. టీబో ఈ రెండింటికీ సరిగ్గా వ్యతిరేకం. అతను మైదానంలోకి రావాలంటే ప్లేబుక్కే మార్చాలి, ముందువరస ఆటగాళ్లు అడ్డుకునే పద్ధతి మార్చాలి. పైగా యాక్షన్ తిరగరాసుకుంటున్నవాడు కాబట్టి అందరికంటే ఎక్కువ బంతులు అతనికే కావాలి. ఎక్కువ సాధన కావాల్సినవాడు అతి తక్కువ సాధన దొరికే కుర్చీలో కూర్చున్నాడు.

దానికితోడు హడావుడి. బెంచీ మీది క్వార్టర్‌బ్యాక్ కోసం ప్రాక్టీస్‌కు వందమంది విలేకరులు వస్తే ఏ కోచ్‌కైనా చిరాకే. వీడియోలో కనిపించేది కాదు కాబట్టి దీన్ని ఇంతటితో వదిలేస్తాను.

2013 ఏప్రిల్‌లో జెట్స్ వదిలేసింది. జూన్‌లో న్యూ ఇంగ్లండ్ తీసుకుంది. అప్పటికి మెక్‌డానియల్స్ అక్కడ అఫెన్స్ చూస్తున్నాడు. ప్రీసీజన్‌లో (సీజన్‌కు ముందు సన్నాహక మ్యాచ్‌ల్లో) 30 పాస్‌లకు 11 చేరాయి. ఆగస్టు 31న తీసేశారు. ఆ తర్వాతి కాలంలో లాస్ ఏంజెలిస్‌లో టామ్ హౌస్ దగ్గర చేరాడు. హౌస్ ఒకప్పటి బేస్‌బాల్ పిచర్, మేటి క్వార్టర్‌బ్యాక్‌లు టామ్ బ్రేడీ, డ్రూ బ్రీస్‌ల త్రో మీద పనిచేసినవాడు. ఈసారి వైద్యం నిజంగా మెరుగ్గా జరిగింది. 2015లో ఫిలడెల్ఫియా ఈగల్స్ తరఫున ప్రీసీజన్‌లో 36కు 21 చేర్చాడు, 58 శాతం. వీడియోలో బంతి పైనే ఉంటుంది, చెయ్యి పొట్టిగా తిరుగుతుంది. ఆఖరి మ్యాచ్‌లో రెండు టచ్‌డౌన్లు. మూడో స్థానానికి పోటీలో ఉన్న మ్యాట్ బార్‌క్లీని వేరే జట్టుకు పంపేశారు కూడా. మర్నాడు, సెప్టెంబరు 5న, టీబోనూ తీసేశారు. అప్పటికి వయసు 28. చెయ్యి బాగయ్యాక కూడా ఉద్యోగం రాలేదన్నది ఈ కేసులో నాకు దొరికిన గట్టి సాక్ష్యం.

తర్వాత మెట్స్ సంస్థలో బేస్‌బాల్ ఆడి 2021 ఫిబ్రవరిలో విరమించాడు. అదే ఏడాది అర్బన్ మేయర్ కోచ్‌గా ఉన్న జాక్సన్‌విల్ జట్టులో టైట్ ఎండ్‌గా (ఎదుటివాళ్లను అడ్డుకుంటూ పాస్‌లు కూడా అందుకునే స్థానంలో) చేరి, ఒక ప్రీసీజన్ మ్యాచ్ ఆడి, 34వ ఏట మళ్లీ బయటికొచ్చాడు.

నా దగ్గరికి వచ్చి ఉంటే

2010 జనవరిలో వచ్చి ఉంటే చేతి జోలికి పెద్దగా వెళ్లేవాణ్ణి కాదు. స్నాపర్ వెనక వంగి బంతి అందుకోవడం, మూడడుగులు, ఐదడుగులు వెనక్కి వేయడం, ప్రతి అడుగుకూ ఒక చూపు, చూపు మారినప్పుడల్లా పాదం తిరగడం. ఎదుట మనుషుల్ని కదిలిస్తూ, మొదటి రిసీవర్‌ను కావాలనే మూసేస్తూ ఇవే చేయించేవాణ్ణి. బంతి కింద పడినా పట్టించుకునేవాణ్ణి కాదు. చెయ్యి పొట్టిగా తిరగడం చాలామటుకు అప్పుడు దానంతటదే వస్తుంది, సమయానికి నిర్ణయం తీసుకున్నవాడికి సున్నా చుట్టే తీరిక ఉండదు. పూర్తిగా రాదు, మిగిలింది తర్వాత చూసుకోవచ్చు.

ఇంకొకటి, మొదటిరోజే ఒక గడువు పెట్టుకునేవాళ్లం: రెండు జట్లు వరసగా వదిలేస్తే స్థానం మార్పు గురించి కూర్చుని మాట్లాడాలి. లోగన్ థామస్ వర్జీనియా టెక్ క్వార్టర్‌బ్యాక్. 2014లో అరిజోనా నాలుగో రౌండ్‌లో తీసుకుంది. కుదరలేదు. ఇరవైల మధ్యలోనే టైట్ ఎండ్‌కు మారి, 2020లో వాషింగ్టన్‌కు 72 క్యాచ్‌లు పట్టాడు. జూలియన్ ఎడెల్‌మన్ కెంట్ స్టేట్ క్వార్టర్‌బ్యాక్. రిసీవర్‌గా మారి సూపర్ బౌల్ ఉత్తమ ఆటగాడయ్యాడు. టీబో 33 దాటాక చేసిన ప్రయత్నం 26లో చేసి ఉంటే ఎలా ఉండేదో తెలియదు గానీ, ఒళ్లు మాత్రం అప్పుడే సహకరించేది.

క్వార్టర్‌బ్యాక్‌గానే ఉంటానని పట్టుబడితే జట్టు ఎంపిక మీద పోట్లాడేవాణ్ణి. 2018లో వచ్చిన, పరుగులో దిట్ట అయిన క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్ కోసం బాల్టిమోర్ ఆట మొత్తం మార్చుకుంది. అతని వెనక కూడా పరుగెత్తగల రాబర్ట్ గ్రిఫిన్‌ను, ఆ తర్వాత టైలర్ హంట్లీని పెట్టుకుంది. రెండోవాడు వచ్చినా ప్లేబుక్ మారదు. టీబోకు కావాల్సిన కుర్చీ అలాంటిది. 2013లో రీడ్ ఆప్షన్ ఆడుతున్న జట్లు లేకపోలేదు: సియాటిల్, శాన్‌ఫ్రాన్సిస్కో, వాషింగ్టన్, కరోలినా. అతను మాత్రం పాకెట్‌లోంచి (కాపాడేవాళ్లు చుట్టూ కట్టే వలయంలోంచి) కదలని టామ్ బ్రేడీ వెనక కూర్చోవడానికి వెళ్లాడు. అయితే ఆ జట్లకూ అప్పటికి ఈ ఆలోచన పూర్తిగా తట్టలేదు, కరోలినాలో క్యామ్ న్యూటన్ వెనక డెరెక్ ఆండర్సన్, వాషింగ్టన్‌లో గ్రిఫిన్ వెనక కిర్క్ కజిన్స్, ఇద్దరూ నిలబడి విసిరేవాళ్లే. కాబట్టి వాళ్లలో ఎవరైనా ఒప్పుకునేవారని హామీ ఇవ్వలేను. న్యూ ఇంగ్లండ్‌కు సరే అనేముందు ఆ నాలుగు ఫోన్లూ మాత్రం చేయించేవాణ్ణి.